రొట్టె చేసే చెయ్యి

గురువారం పొద్దున కల్లంలో పదకొండు మంది ఆడవాళ్ళు మిరపకాయల కుప్ప చుట్టూ కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. ఇన్నయ్య మేస్త్రి వాళ్ళ నడిమధ్యన నిలబడి ఆ మాట చెప్పాడు. పక్కకు పిలిచి చెప్పొచ్చు. పిలవలేదు. నలుగురి ముందు చెబితే ఆడది కాదనలేదని ఆయనకు తెలుసు.

"అమ్మాయ్ మల్లీశ్వరీ, మీ ఆయన వచ్చాడు. రాత్రి మాచర్ల బండికి దిగాడు. మా ఇంట్లోనే ఉన్నాడు."

మల్లీశ్వరి చెయ్యి ఆగలేదు. ఎర్రకాయ అటు, తెల్లబారిన తాలుకాయ ఇటు, గంపలోకి. కుడిచేతి మూడు వేళ్ళే ఆ పని చేస్తాయి. చిటికెన వేలు, దాని పక్క వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటాయి. ఎనిమిదేళ్ళ నుంచి అవి విప్పుకోలేదు.

"మనిషి మారాడమ్మాయ్. తాగుడు లేదు, బీడీ లేదు. నాపరాళ్ళ క్వారీకాడ ఒక దైవజనుడు చెయ్యి పట్టి లేపాడంట. ఈ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్తాడు. నువ్వు పక్కన నిలబడాల."

"ఎనిమిదేళ్ళకి గుర్తొచ్చిందా ఇల్లు?" అంది నరసమ్మ, కుప్ప అవతల నుంచి. డెబ్బై ఏళ్ళ మనిషి, నోట్లో నాలుగు పళ్ళున్నా మాటకు పదునుంది. "క్వారీలో వండిపెట్టేవాళ్ళు కరువయ్యారేమో."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నువ్వు నోరు మూసుకో నరసమ్మక్కా. దేవుడి కార్యం ఇది." ఇన్నయ్య భుజం మీద తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. కూలికి తీసుకొచ్చే మేస్త్రి ఆయనే, చర్చి సంఘానికి పెద్ద ఆయనే, మల్లీశ్వరి మొగుడు ఏలియాకు మేనమామ ఆయనే. ఏ మాట ఏ హోదాలో అంటున్నాడో ఆయన ఎప్పుడూ చెప్పడు. "పాస్టరయ్యగారు ఒక షరతు పెట్టారు. భార్యాభర్తలు సమాధానపడందే ప్రభు బల్లకాడికి, రొట్టె ముక్క తీసుకోటానికి, రానియ్యనన్నారు. నువ్వు లేచి 'క్షమించాను' అంటే చాలు. ఒక్క మాట. సాయంత్రానికి వాడు ఇంటికొస్తాడు."

"ఏ ఇంటికి?" అంది మల్లీశ్వరి.

"ఏ ఇంటికేందమ్మాయ్? మీ ఇంటికి."

మల్లీశ్వరి గంప ఎత్తి తాలుకాయ గోతంలో పోసింది. ఆ కాలనీ ఇల్లు ఆమె పేరునే ఉంది. ఏలియా పోయాక ఇటుకలు తనే మోసింది. తలుపుకు లోపల రెండు గడియలు తనే పెట్టించింది. మొదటి నెలంతా ఆ గడియలు వేసి, మళ్ళీ లేచి చూసి, మళ్ళీ వేసి పడుకుంది. ఎప్పటికో ఒకటే వేసి నిద్రపోవడం నేర్చుకుంది.

తిరిగొచ్చి కూర్చుంటే నరసమ్మ ఆమె మోకాలి మీద తట్టింది. "ఏమంటావే?"

"కాయ ఏరు అత్తా. ఎండెక్కుద్ది."

ఆ చెయ్యి ఎట్లా విరిగిందని ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు: నీళ్ళ ట్యాంకు మెట్ల మీద జారిపడింది. ఆ మాట ఇన్నయ్య కల్పించాడు. నరసరావుపేట ఆసుపత్రికి పోయే ఆటోలో, ఆమె కొంగులో చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, బొల్లాపల్లి దాటాక చెప్పాడు. "డాక్టరుకి జారిపడ్డానని చెప్పు. కేసవుద్ది. సంఘం పరువు పోద్ది." ఆమె చెప్పింది. ఊరు నమ్మింది. నమ్మిందంటే నిజమనుకుందని కాదు. గోడ పక్కనే ఇళ్ళుంటే దెబ్బల చప్పుడు ఎవరికి వినపడదు? తెలిసీ తెలియనట్టు ఉండటం కూడా ఒక పనే. ఆ పనికి ఊరంతా మంచి పనివాళ్ళే.

శుక్రవారం సాయంత్రం పాస్టర్ ప్రవీణ్ ఇంటికి వచ్చాడు. ముప్పై దాటని మనిషి. ఈ ఊరు వచ్చి రెండేళ్ళు. బండి దిగి, చెప్పులు బయట విడిచి, ప్లాస్టిక్ కుర్చీలో అంచున కూర్చున్నాడు. కూతురు లిఖిత ఇంటర్ పుస్తకాలు మంచం మీద పరుచుకుని ఉంది. సోమవారం పరీక్ష. ఆ పిల్ల లేచి నీళ్ళు ఇచ్చి మళ్ళీ పుస్తకంలో తల పెట్టింది. పేజీ మాత్రం తిప్పలేదు.

"అమ్మా, మిమ్మల్ని ఒకటి అడగాలని చానా రోజుల నుంచి ఉంది," అన్నాడు ప్రవీణ్. "ప్రతి నెలా మొదటి ఆదివారం బల్లకు రొట్టె మీరే చేస్తారు. మా ముందున్న అయ్యగారి కాలం నుంచీ మీరేనంట. పళ్ళెం మీ దాకా వచ్చేసరికి మీరు లేచి బయటికి పోతారు. ఒక్కసారి కూడా తీసుకోవటం చూడలేదు నేను."

"లోపల బాలేదయ్యగారూ."

"ఒంట్లోనా?"

"లోపల."

ప్రవీణ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరి మీదన్నా కోపం ఉందా?"

కోపమా? ఆమెకు నవ్వొచ్చింది, నవ్వలేదు. మొదటి రెండేళ్ళు ఏలియా చావాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేసింది. క్వారీలో రాయి మీద పడాలని, లారీ కింద పోవాలని. ఆ ప్రార్థన చేసిన నోటితో ఆ రొట్టె తినకూడదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తనకు తానే శిక్ష వేసుకుంది. రొట్టె చేయడం మాత్రం మానలేదు. ఆ ఒక్క పని కూడా పోతే దేవుడికి తన మొహం ఎట్లా చూపాలో ఆమెకు తెలియదు.

"ద్వేషం పెట్టుకుంటే అది మనల్నే తింటుందమ్మా," అన్నాడు ప్రవీణ్ మెల్లగా. "ఏలియాతో మాట్లాడాను. ఏడ్చాడు. కుటుంబాన్ని వదిలేసి పోయినందుకు, తాగినందుకు పశ్చాత్తాపపడుతున్నాడు. క్షమించండి. మీకే తేలికవుతుంది."

వదిలేసి పోయినందుకు. తాగినందుకు. అంతేనన్నమాట చెప్పుకున్నది. ఈ కుర్రాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మల్లీశ్వరి నోరు తెరిచింది. లిఖిత తలెత్తి తల్లి వంక చూసింది. మల్లీశ్వరి ఎడమచేత్తో కుడిచేతి మడతవేళ్ళు కప్పుకుంది.

"ఆలోచిస్తానయ్యగారూ," అంది.

ఆయన ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. లిఖిత పుస్తకం మూసింది.

"ఆయన ఈ ఇంటికొస్తే నేను హాస్టల్‌కి పోతా. పరీక్షలయ్యాక కాదు. ఆరోజే."

"రానిస్తానని అన్నానా?"

"వద్దనీ అనలేదుగా."

ప్రతి నెలా బల్లకు ముందు శనివారం మల్లీశ్వరి కూలికి పోదు. కాయ ముట్టుకోదు. మిరప ఘాటు చేతికి పడితే ఒక పూటతో వదలదు. కళ్ళు తుడుచుకున్నా, బిడ్డను ఎత్తుకున్నా మంటే. అందుకని ఆ రోజు ఇల్లు అలుక్కుని, దేవుడి రొట్టెకని విడిగా గుడ్డలో చుట్టి ఉంచిన పెనం తీసి తోమి, పిండి జల్లెడ పట్టి పెట్టుకుంటుంది. ఇది ఊరంతటికీ తెలిసిన కట్టు.

ఆ శనివారం పదకొండింటికి పడమట మబ్బు లేచింది. మార్చి మొదట్లో వాన. కల్లాల్లో కాయ అంతా ఆరబోసి ఉంది. ఇన్నయ్య మోటార్ సైకిల్ ఇంటి ముందు ఆగింది.

"అమ్మాయ్, రా. అందరూ రావాల. కాయ తడిస్తే రైతు కొంపే కాదు, మన కొంప కూడా మునుగుద్ది."

"ఇయ్యాల నేను కాయ ముట్టుకోను మావా. నీకు తెలుసు."

"దేవుడు మనసు చూస్తాడమ్మాయ్, చేతులు కాదు. ఎక్కు."

ఎక్కింది. కల్లంలో గాలి దుమ్ము లేపుతోంది. ఆడా మగా అందరూ పరుగుల మీద ఉన్నారు. పారలతో కాయ కుప్పలోకి నెట్టేవాళ్ళు, గోతాల్లో పోసి కాళ్ళతో తొక్కేవాళ్ళు. ఘాటుకు అందరికీ దగ్గు. మల్లీశ్వరి రెండు చేతులతో కాయ కౌగిలించినట్టు ఎత్తి పోస్తూ పోయింది. చివరి కుప్పకు గోతాలు చాలలేదు. పట్టా కప్పాలి. ఆమె నీలం పట్టా ఒక అంచు పట్టుకుని లాగింది. అవతలి అంచు ఎవరో పట్టుకున్నారు.

తలెత్తి చూస్తే ఏలియా.

జుట్టు నెరిసింది. బుగ్గలు పీక్కుపోయాయి. రాతి దుమ్ముకు కాబోలు కళ్ళ కింద చర్మం బూడిద రంగులో ఉంది. మనిషి చిన్నగా కనిపించాడు. ఆమె చేతికి మాత్రం అదేమీ తెలియదు. అరచేతిలో మడతవేళ్ళు ఇంకా లోపలికి బిగుసుకున్నాయి.

"మల్లీ," అన్నాడు. "బాగున్నావా?"

"అంచు గట్టిగా పట్టుకో. గాలి లేస్తంది."

పట్టుకున్నాడు. ఇద్దరూ కుప్ప మీదుగా పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. ఒక రాయి అతను ఎత్తితే ఒక రాయి ఆమె. ఆఖరి రాయి పెట్టాక అతను ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే నడుస్తోంది. నాలుగు చినుకులు పడి వాన వినుకొండ వైపు పోయింది.

ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో ముంచి కూర్చుంది. తరువాత సబ్బుతో మూడుసార్లు కడిగింది. నూనె రాసి, శనగపిండితో రుద్ది, మళ్ళీ కడిగింది. ఎడమచేతి వేలు నాలిక మీద పెట్టుకుని చూసింది. మంట లేదు. సరేననుకుంది.

ఆదివారం తెల్లవారుజామున పొయ్యి వెలిగించింది. గోధుమపిండిలో గోరువెచ్చని పాలు పోసి, ఉప్పు లేకుండా, పులుపు లేకుండా కలిపింది. మణికట్టుతో నొక్కడం, మూడు వేళ్ళతో తిప్పడం, మడతవేళ్ళ కణుపులతో మళ్ళీ నొక్కడం. ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి తన పద్ధతి తాను వెతుక్కుంది. ఈ పిండి కలిపేటప్పుడే ఆమె అసలు ప్రార్థన. కళ్ళు మూసుకోదు. పెద్ద మాటలు రావు.

"ప్రభువా, వాణ్ణి నువ్వు క్షమించావంట. నాకెవరూ చెప్పలా, వాడే చెప్పుకుంటన్నాడు. నాకు వాడి చావు కోరుకునే ఓపిక కూడా అయిపోయింది. వదిలేద్దామనే ఉంది. ఎట్టా వదలాలో తెలియట్లా. 'క్షమించాను' అంటే ఇల్లు అడుగుతున్నారు. అనకపోతే నిన్ను అడ్డం పెడతన్నారు. ఏం చెయ్యమంటావు?"

"జవాబు చెప్పాడా?" అంది వెనక నుంచి లిఖిత. ఎప్పుడు లేచిందో, గడప మీద కూర్చుని ఉంది.

"పడుకోవే. ఇంకా చీకటిగానే ఉంది."

"ఈ గడపేగా." లిఖిత అరచేత్తో గడప చెక్క నిమిరింది. ఇల్లు కొత్తదైనా, గడప పాత గుడిసెదే తెచ్చి పెట్టించారు. మంచి వేపచెక్క అని. "అమ్మా, ఆయన అబద్ధం చెప్తాడని కోపం నాకు లేదు. ఆయన అంతే. నువ్వూ అబద్ధమే చెప్పావుగా. నాచేత కూడా చెప్పించావు. స్కూల్లో టీచరు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగింది, 'మీ అమ్మకి ఏమైందమ్మా' అని. జారిపడిందని చెప్పా. నువ్వు చెప్పమన్నట్టే. అప్పటినుంచి ఆ టీచరు ఎదురైతే తల దించుకుని పోతన్నా. తప్పు నేను చేసినట్టు."

మల్లీశ్వరి చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

ఇన్నేళ్ళూ రొట్టెకూ తనకూ మధ్య అడ్డం ఏలియా అనుకుంది. పిల్ల ఒకటి చెప్పింది: అడ్డంగా ఇంకొకటి కూడా ఉంది. అది తను పెట్టిందే.

రొట్టె వత్తి పెనం మీద వేసింది. రెండో వైపు తిప్పి, కాలాక దించి, కత్తి అంచుతో నిలువు గీత, అడ్డ గీత పెట్టింది. తెల్లగుడ్డలో చుట్టింది.

చర్చిలో మగవాళ్ళు కుడి పక్క, ఆడవాళ్ళు ఎడమ పక్క, చాపల మీద. మల్లీశ్వరి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది, వెనక గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట. అక్కడి నుంచి లేచి పోవడం సులువు. లిఖిత ముందు వరసలో పాటలు పాడే పిల్లలతో ఉంది.

ఏలియా తెల్లచొక్కా వేసుకుని మైకు ముందుకొచ్చాడు. బైబిల్ రెండు చేతులా ఎదకు పట్టుకున్నాడు.

"నేను పాపినయ్యా. లోకంలో తిరిగినోణ్ణి. సారా తాగినోణ్ణి. సాతాను నా కళ్ళు మూశాడు. సాతాను నా ఇల్లు కూల్చాడు. నా చేత కొన్ని తప్పులు చేయించాడు…"

"స్తోత్రం! హల్లెలూయా!" ఇన్నయ్య గొంతు అందరికంటే పైన ఉంది. ఆడవాళ్ళలో కొందరు కళ్ళొత్తుకున్నారు. చేసిందంతా సాతాను. ఏలియా పక్కన నిలబడి చూశాడంతే. కొన్ని తప్పులు. సాక్ష్యం చెప్పేవాడికి చప్పట్లుంటాయి. దెబ్బ తిన్నవాళ్ళకు సాక్ష్యం చెప్పే వంతు ఎప్పుడు వస్తుందో ఏ సంఘమూ రాసి పెట్టలేదు.

"సహోదరి మల్లీశ్వరి ముందుకు రావాలి," అన్నాడు ప్రవీణ్.

ఆమె లేచి నడిచింది. ఆ చాపల మధ్య దారి పది అడుగులు. మైకు దగ్గరికి పోలేదు. బల్ల పక్కన నిలబడింది. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద ఆమె చేసిన రొట్టె.

"క్షమించాలనే వచ్చా అయ్యగారూ. మాట నోటి దాకా వచ్చింది. అయితే అంతకు ముందు నాదొకటి ఉంది. అది ఒప్పుకోకుండా నేను ఇంకొకళ్ళని క్షమించకూడదు." ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. "ఈ చెయ్యి ట్యాంకు మెట్ల మీద పడితే విరగలా. ఎనిమిదేళ్ళు అట్టా చెప్పా. డాక్టరుకి చెప్పా, మీకు చెప్పా, ఈ చర్చిలో నిలబడి ప్రార్థన చేయించుకున్నప్పుడు కూడా అదే చెప్పా. అబద్ధం. ఆ రోజు నా పిల్ల అక్కడే ఉంది. దానికి ఎనిమిదేళ్ళు. చూసింది. చూసిన పిల్ల చేత చూడలేదని చెప్పించా. భయపడి చెప్పించా. భయం నాది, బరువు దానిదైంది." ఆమె ముందు వరస వైపు తిరిగింది. "లిఖితా, నన్ను క్షమించమ్మా. అందరి ముందూ అబద్ధం చెప్పించా కాబట్టి అందరి ముందే అడుగుతన్నా."

లిఖిత రెండు చేతులతో మొహం కప్పుకుంది. పక్కపిల్ల దాని వీపు మీద చెయ్యి వేసింది.

ఇన్నయ్య లేచాడు. "అమ్మాయ్, అయన్నీ ఇప్పుడెందుకు? దేవుడి సన్నిధిలో ఇంటి గొడవలు తేవాకు. అడిగిన మాట చెప్పి కూర్చో."

"ఆటోలో నువ్వేగా నేర్పింది మావా, ఆ మెట్ల సంగతి."

"పెద్దాయనా," అన్నాడు ప్రవీణ్. ఆయన మొహం పాలిపోయి ఉంది. రెండేళ్ళుగా తను ఈ ఊళ్ళో ఏం విన్నాడో, ఏం వినలేదో ఆ ఒక్క క్షణంలో అర్థమైనట్టుంది. "మీరు కూర్చోండి."

ఇన్నయ్య కూర్చున్నాడు. ఫ్యాను తిరిగే చప్పుడు. బయట ఎవరిదో మేక అరిచింది.

ఏలియా బైబిల్ కిందికి దించాడు. మైకుకు పక్కగా జరిగాడు.

"పచ్చడి బండతో," అన్నాడు. చిన్న గొంతు. వెనక వాళ్ళు ముందుకు వంగారు. "పచ్చడి బండతో కొట్టా. చెయ్యి గడప మీద పెట్టమన్నా. పెట్టింది. రెండు దెబ్బలు." ఆమె చెయ్యి వంక చూశాడు. "కూరలో కారం ఎక్కువైందని. ఆరోజు తాగి కూడా లేను నేను. తాగానని చెప్పుకున్నా. సాతాను కాదు. నేనే."

నరసమ్మ "అయ్యో దేవుడా" అంది. హల్లెలూయా ఎవరూ అనలేదు.

మల్లీశ్వరి అతని వంక చూసింది. ఎనిమిదేళ్ళుగా ఆ గడపా ఆ బండా ఆమె ఒక్కతే మోసింది. చూసిన పిల్ల నోరు తనే మూసింది. ఇప్పుడు ఆ మాట అతని నోట బయటికి వచ్చింది. గాలికి ఎగిరే పట్టా అవతలి అంచు ఎవరో పట్టుకుంటే ఈ అంచు పట్టుకున్న చేతికి తెలుస్తుంది. అట్లా తెలిసింది ఆమెకు.

"క్షమించా," అంది. "ఇది అయ్యగారు అడిగారని కాదు, మావ చెప్పాడని కాదు. నీ చావు కోరుకుని ప్రార్థన చేసినదాన్ని. ఆ ప్రార్థన వెనక్కి తీసుకుంటన్నా. నీకు మంచి జరగాల. దేవుడు సాక్షి." గుక్క తిప్పుకుంది. "ఇంటికి మాత్రం రావాకు. ఆ గడప నాది. పిల్ల సంగతి పిల్లది, దాని తరపున నేను చెప్పను."

"ఇదేం క్షమాపణ?" ఇన్నయ్య కూర్చునే గొణిగాడు. "క్షమించానంటది, ఇంటికి రావద్దంటది."

"పగ ఉంటే చర్చిలో అడుగు పెట్టనిస్తానా మావా?" అంది మల్లీశ్వరి. "ప్రతి ఆదివారం రమ్మను. నేను చేసిన రొట్టే తినమను. తలుపు తియ్యటం వేరు."

ప్రవీణ్ బల్ల మీద గుడ్డ తీసి, రొట్టె ఎత్తి పట్టుకుని, విరిచాడు.

మల్లీశ్వరి వెనక గుమ్మం దగ్గరికి పోదామని తిరిగింది. ముందు వరసలో లిఖిత జరిగి చాప మీద చోటు చేసింది. మొహం తడిసి ఉంది. తల్లి వంక చూడలేదు, చెయ్యితో చాప మీద తట్టింది. మల్లీశ్వరి అక్కడ కూర్చుంది.

పళ్ళెం వరసల వెంట వచ్చింది. ఆమె ముందు ఆగింది. ఎనిమిదేళ్ళుగా తన చేత్తో చేసి తను ఎరగని రుచి. ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

మండింది.

చేతులు కడిగింది, మూడుసార్లు కడిగింది. మడతవేళ్ళ లోపలికి సబ్బు పోలేదు. నిన్నటి కాయ పొడి అక్కడ దాక్కుని, పొద్దున పాలూ పిండీ తగిలి బయటికొచ్చింది. చుట్టూ చూసింది. సన్నగా దగ్గులు మొదలయ్యాయి. ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఇన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగి, గుటక వేయలేక, ఉమ్మలేక కూర్చున్నాడు. ప్రవీణ్ నుదుటి మీద చెమట. కారం ఎక్కువైంది. మెడ దానంతట అదే భుజాల్లోకి పోయింది. ఎవరో ఏదో ఒకటి అంటారని, ఏదో ఒకటి విసురుతారని ఆమె ఒళ్ళు కాచుకుని కూర్చుంది.

"ఏందే, ఈ తూరి రొట్టె ఇట్టా మండుతంది?" అంది వెనక నుంచి నరసమ్మ.

"నా చెయ్యే అత్తా. కడిగినా పోలా."

"పోతే పోయిందిలే. ఆ ప్రభువు దేహానికి మాత్రం మంట తక్కువా?" నరసమ్మ ఉన్న నాలుగు పళ్ళతో నమిలి మింగింది. "ద్రాక్షరసం ఇటు తెండయ్యా తొందరగా."

ఎవరూ ఏమీ విసరలేదు. అందరూ తిన్నారు. మల్లీశ్వరి భుజాలు మెల్లగా దిగాయి. నోట్లో ముక్క నమిలి, మంటతో సహా మింగింది.

పళ్ళెం మగవాళ్ళ వైపు చివరి వరస దాకా పోయింది. ఏలియా ముందు వరసలో లేడు. వెనక గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ప్రవీణ్ తనే పళ్ళెం తీసుకుని అక్కడి దాకా వెళ్ళాడు. ఏలియా తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా చెప్పాల్సినోళ్ళు ఉన్నారయ్యగారూ," అన్నాడు. "పిల్ల ఉంది. ఇప్పుడే వద్దు."

ఆరాధన అయ్యాక ఆమె పళ్ళెం, గుడ్డ సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. అతను లేచి దారి ఇచ్చి నిలబడ్డాడు. లిఖిత వాళ్ళిద్దరినీ దాటుకుని, అతని వైపు చూడకుండా మెట్లు దిగి, రోడ్డు మీద ఆగింది.

"చెయ్యి ఇప్పటికీ నొప్పి పెడుద్దా?" అన్నాడు ఏలియా.

ఆ ప్రశ్న అతను అడగడం అదే మొదటిసారి.

"చలికాలం," అంది. చెప్పులు వేసుకుంది. "పోయేటట్టయితే మాచర్ల బండి మూడింటికి. ఎండన పడి నడిచి పోవాకు. అయ్యగారిని బండి మీద దింపమను."

ఇంటికి వచ్చాక లిఖిత గిన్నెలో మజ్జిగ పోసింది. అగ్గిపుల్లకు దూది చుట్టింది. గడప మీద కూర్చుంది.

"చెయ్యి ఇటు తే."

ఆ రెండు వేళ్ళ మధ్య ఎనిమిదేళ్ళుగా ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. నొప్పని కాదు. మల్లీశ్వరి పక్కన కూర్చుని, కుడిచెయ్యి తీసి పిల్ల ఒళ్ళో పెట్టింది. లిఖిత ఒక బొటనవేలితో ముడుచుకున్న వేలు కొంచెం, చాలా కొంచెం పైకెత్తి, లోపలికి దూది పోనిచ్చింది. బయటికి తీస్తే దూది కాయ పొడికి ఎర్రగా ఉంది.

"ఇంకా ఉంది," అంది లిఖిత.

ఇంకో పుల్లకు దూది చుట్టింది.